లైసెన్స్ డబ్బులు గిట్టాయా? ఇంగ్లిష్ కామెడీలపై ఒక డెంటల్ నర్సు రివ్యూ

బ్రిటన్‌లో టీవీ చూడటానికి లైసెన్స్ కట్టాలి. 2025 ఏప్రిల్‌లో అది ఏడాదికి 174.50 పౌండ్లు ఉండేది, అంటే నెలకి పద్నాలుగున్నర పౌండ్ల పైమాటే. ఏ చానల్ అయినా లైవ్‌లో చూసినా, బీబీసీ ఐప్లేయర్ తెరిచినా కట్టాల్సిందే. కేవలం ఓటీటీల్లో సినిమాలు చూసుకునే వాళ్లకి అక్కర్లేదు కాబట్టి, ఇక్కడ నాకు తెలిసిన తెలుగు ఇళ్లలో చాలామంది దాని జోలికి పోరు. మా ఆయన కూడా "దండగ ఖర్చు" వర్గమే. నేను మాత్రం కడుతున్నాను, చూస్తున్నాను. ఆ డబ్బుకి ఏం దొరుకుతుంది, అందులో మన వాళ్లకి ఏది ఎక్కుతుంది, ఏది ఎక్కదు అని అడిగే వాళ్ల కోసం ఈ రివ్యూ. చానల్ బీబీసీయా, ఐటీవీయా, సినిమానా అని నేను గిరి గీసుకోలేదు. ఈ దేశపు నవ్వు మొత్తాన్నీ ఒకే గంపలో వేశాను.

ముందే చెప్తున్నాను, నేను సినిమా పండితురాలిని కాను. గుంటూరు జిల్లాలో బీడీఎస్ చదివి, లెస్టర్‌లో ఒక డెంటల్ క్లినిక్‌లో నర్సుగా చేస్తూ, డెంటిస్టుగా రిజిస్టర్ అవడానికి పరీక్షలకి చదువుకుంటున్నాను. మత్తు ఇంజక్షన్ ఇచ్చాక పేషెంటు పెదవి మొద్దుబారేదాకా కొన్ని నిమిషాలు ఖాళీ ఉంటుంది. ఆ కాసేపూ మనిషి కంగారు పడకుండా మాటల్లో పెట్టడం నా డ్యూటీ. వాతావరణం గురించి ఎంతసేపని మాట్లాడతాం? తర్వాత టీవీయే. అరవై దాటిన ప్రతి పేషెంటూ "నువ్వు ఫాల్టీ టవర్స్ చూడలేదా?" అని జాలిగా చూడటంతో మొదలైంది నా చదువు.

ఫాల్టీ టవర్స్ మొత్తం పన్నెండే ఎపిసోడ్లు. 1975లో ఆరు, మళ్లీ 1979లో ఆరు. అంతే, దుకాణం సర్దేశారు. వేల ఎపిసోడ్ల సీరియళ్లు చూసి పెరిగిన మనకి ఇది వింతే. టార్కీ అనే సముద్రం ఒడ్డు ఊళ్లో బేసిల్ ఫాల్టీ అనే ఆయన హోటల్ నడుపుతుంటాడు. హోటల్ నడిపే వాడికి ఉండకూడని గుణం ఒకటే, గెస్టులంటే అసహ్యం. అది ఆయనకి నిండుగా ఉంది. డబ్బూ హోదా ఉన్న వాళ్లు వస్తే వంగి వంగి దణ్ణాలు, మిగతా వాళ్లకి చిరాకు. ఆయన భయపడేది ఒక్క భార్య సిబిల్‌కే. 1970లో మాంటీ పైథాన్ అనే కామెడీ బృందం షూటింగ్‌కి వెళ్లి టార్కీలో ఒక హోటల్లో దిగినప్పుడు, ఆ యజమాని ఒక నటుడి బ్యాగులో బాంబు ఉందేమోనని దాన్ని బయట గోడ అవతల పెట్టించాడట. మిగతా వాళ్లు వేరే చోటికి వెళ్లిపోయినా, తర్వాత బేసిల్ వేషం వేసిన జాన్ క్లీజ్ అక్కడే ఉండి ఆయన్ని గమనిస్తూ కూర్చున్నాడు. బేసిల్ అలా పుట్టాడు.

నాకు బాగా నచ్చింది భోజనాల రాత్రి ఎపిసోడ్. ఊళ్లో పెద్దమనుషులకి ఘనంగా విందు ఏర్పాటు చేస్తాడు బేసిల్. వంటవాడు తాగి పడిపోతాడు. ఇంకో రెస్టారెంట్ నుంచి వండిన బాతు తెప్పిస్తే అది వంటింట్లో కింద పడుతుంది, వెయిటర్ కాలు అందులో ఇరుక్కుంటుంది. రెండో బాతు కోసం కారేసుకుని పరిగెడితే దారిలో కారు ఆగిపోతుంది. అప్పుడాయన కారుని బతిమాలతాడు, తిడతాడు, మూడంకెలు లెక్కపెట్టి ఆఖరి హెచ్చరిక ఇస్తాడు. అదీ కదలకపోతే కిందకి దిగి, ఫ్రేములోంచి మాయమై, ఒక చెట్టు కొమ్మ పట్టుకొచ్చి కారుని వాయిస్తాడు. కెమెరా దగ్గరకి కూడా పోదు, దూరం నుంచి అలా చూస్తూ ఉంటుందంతే. చివరికి చచ్చీచెడీ హోటల్ చేరి పెద్దమనుషుల ముందు మూత తీస్తే లోపల బాతు లేదు, కేకు, క్రీమూ కలిపిన స్వీటు ఉంది. మూత మళ్లీ పెట్టి, మళ్లీ తీసి చూస్తాడు. తర్వాత ఆ స్వీటులోకి రెండు చేతులూ పెట్టి అడుగున బాతు ఉందేమోనని వెతుకుతాడు. మా ఆయన సోఫాలోంచి జారిపోయింది అక్కడే. దండగ ఖర్చు మాట ఆ రాత్రి ఎత్తలేదు.

దీన్ని రాసింది క్లీజ్, ఆయన భార్య కోనీ బూత్. పనమ్మాయి పాలీ వేషం ఆవిడదే. రెండో సీజన్ వచ్చేనాటికి వాళ్లిద్దరూ విడాకులు తీసేసుకున్నారు. అయినా కలిసి కూర్చుని ఒక మొగుడూ పెళ్లాల పోట్లాటని అంత లెక్కగా రాశారంటే నాకు ఆశ్చర్యమే. మొదటి నిమిషంలో పొరపాటున పెట్టిన వస్తువు ఇరవై ఐదో నిమిషంలో వచ్చి బేసిల్ నెత్తిన పడుతుంది. వృథాగా ఒక్క మాట ఉండదు.

ఒక్క ఇబ్బంది మాన్యుయెల్. బార్సిలోనా నుంచి వచ్చిన వెయిటర్, ఇంగ్లిష్ అంతంత మాత్రం. వచ్చిన కొత్తలో ఫోన్లో పేషెంట్ల పోస్ట్‌కోడ్ మూడుసార్లు అడిగించుకున్న మనిషిని నేను. కాబట్టి మాన్యుయెల్ అర్థం కాక నిలబడినప్పుడు నాకు నవ్వు వెంటనే రాలేదు. కొన్ని ఎపిసోడ్లు పోయాక తెలిసింది, అక్కడ వెర్రివాడు మాన్యుయెల్ కాదు, తనకి స్పానిష్ వచ్చనుకునే బేసిల్. అయినా తల మీద కొట్టడాలు నాకు ఇప్పటికీ పడవు. ఆ వేషం వేసిన ఆండ్రూ సాక్స్ బెర్లిన్‌లో పుట్టి, నాజీల బాధ తప్పించుకోవడానికి 1938లో చిన్నపిల్లాడిగా ఇంగ్లండ్ వచ్చాడని తర్వాత చదివాను. పరాయి దేశంలో మాట అందక నిలబడటం ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. స్పెయిన్‌లో డబ్బింగ్ చేసినప్పుడు మాన్యుయెల్‌ని ఇటలీవాడిగా మార్చేశారట, అదొక తమాషా.

ఇవన్నీ చూస్తుంటే నాకొకటి అర్థమైంది. మన సినిమాల్లో హీరో వేరు, కమెడియన్ వేరు. దెబ్బలు తినడానికి, పరువు పోగొట్టుకోవడానికి కమెడియన్ ఉంటాడు. హీరో చొక్కా నలగదు. కోడిని వేలాడదీసి ఉత్త అన్నం తిన్న కోట శ్రీనివాసరావు ఎంత నవ్వించినా కథ ఆయనది కాదు, చివరికి మారి కూతురి పెళ్లి చెయ్యాల్సిందే. ఇక్కడ ఆ పిసినారే హీరో. ఎపిసోడ్ అయ్యేసరికి ఓడిపోతాడు, మారడు, వచ్చే వారం మళ్లీ అదే బడాయితో వస్తాడు. ఈ లెక్క ఎక్కిన వాళ్లకి ఇక్కడి కామెడీలు నచ్చుతాయి. హీరో ఎప్పుడు గెలుస్తాడా అని ఎదురుచూసే వాళ్లకి నీరసం వస్తుంది.

ఆ లెక్కలో అందరికంటే ముద్దొచ్చేవాడు డెల్ బాయ్. 'ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్' 1981లో మొదలై, మధ్యలో ఖాళీలతో 2003 దాకా నడిచింది. దక్షిణ లండన్‌లో పెకమ్ అనే పేదల పేట, అందులో నెల్సన్ మండేలా హౌస్ అనే ఎత్తైన గవర్నమెంటు ఫ్లాట్లు, ఇద్దరు అన్నదమ్ములు, ఒక తాత. డెల్ సూట్‌కేసు తెరిచి ఏది పడితే అది అమ్ముతాడు, ఎక్కడిదని అడక్కూడదు. వచ్చే ఏడాది ఈపాటికి మనం కోటీశ్వరులం అని తమ్ముడు రాడ్నీకి చెప్తూనే ఉంటాడు. విజయవాడ బెసెంట్ రోడ్డులో బేరాలాడిన ఎవరికైనా డెల్ కొత్తవాడు కాదు. అందుకే యాస సగం అర్థం కాకపోయినా మా ఇంట్లో అందరూ చూశారు. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, సిగ్గేం లేదు. మా క్లినిక్ రిసెప్షన్‌లో ఉండే పెద్దావిడ ఇక్కడే పుట్టి పెరిగి కూడా పెట్టుకుంటుంది.

అందరూ చెప్పే సీను, బార్ కౌంటర్ మీద ఆనుకోబోయి డెల్ నిలువునా పడిపోయేది. పడేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టడు, అటువైపు చూడనైనా చూడడు, చెట్టు కూలినట్టు కూలతాడు. డెల్ వేషం వేసిన డేవిడ్ జేసన్‌కి ఒంటి మీద ఎంత అదుపో అక్కడ చూడాలి. నా ఓటు మాత్రం షాండిలియర్ సీనుకి. ఒక పెద్ద భవంతిలో ఖరీదైన గాజు దీపాల గుత్తి శుభ్రం చేసే పని ఒప్పుకుంటారు. డెల్, రాడ్నీ నిచ్చెనలెక్కి దాని కింద దుప్పటి పట్టుకుని ఊపిరి బిగించి నిలబడతారు. తాత పై అంతస్తులో బోల్టు విప్పుతుంటాడు. విప్పింది పక్క దీపం బోల్టు. భళ్లున చప్పుడు, తర్వాత ఆ ఇద్దరి మొహాలు. ఇది రచయిత జాన్ సలివాన్‌కి ఆయన నాన్న చెప్పిన నిజం సంఘటన నుంచి వచ్చిందట.

1996 క్రిస్మస్‌కి వేసిన మూడు ఎపిసోడ్లలో చివరిదాన్ని 2 కోట్ల 43 లక్షల మంది చూశారు. అప్పటి బ్రిటన్ జనాభాలో ఇంచుమించు ఐదింట రెండు వంతులు. అందులో అన్నదమ్ములు ఎట్టకేలకు కోటీశ్వరులవుతారు, గ్యారేజీలో పడున్న పాత గడియారం వేలంలో 62 లక్షల పౌండ్లకి పోతుంది. అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. జనం అడిగారని 2001 నుంచి మళ్లీ తీసిన మూడు క్రిస్మస్ ఎపిసోడ్లలో డబ్బంతా పోగొట్టి మళ్లీ పాత ఫ్లాటుకే తెచ్చారు. వాటిని చూడకుండా వదిలేసినా నష్టం లేదు.

'ది ఆఫీస్' గురించి చెప్పాలంటే నాకు కొంచెం టెన్షనే. గొప్పదని ఒప్పుకుంటాను, కానీ మళ్లీ చూడమంటే చూడలేను. మనవాళ్లు బాగానే ఉండే స్లౌ అనే ఊళ్లో ఒక కాగితాల కంపెనీ, దాని మీద డాక్యుమెంటరీ తీస్తున్నట్టు నడుస్తుంది షో. మేనేజర్ డేవిడ్ బ్రెంట్ తనని స్టాఫంతా ప్రాణంగా చూసుకుంటారనుకుంటాడు. ట్రైనింగ్ రోజున పాఠం మధ్యలో గిటార్ తెచ్చుకుని సొంత పాటలు పాడతాడు. అందరూ నేల చూపులు చూస్తుంటే ఆయనకి మాత్రం కచేరీయే. దిండు అడ్డం పెట్టుకుని చూశాను. ఎదుటివాడి పరువు పోతుంటే మనకి చెమట పట్టడం అనేది వీళ్లకి వినోదం! అయితే రెండో సీజన్ చివర ఒక సీను ఉంది. టిమ్ అనే ఉద్యోగి రిసెప్షనిస్టు డాన్‌ని గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసి, డాక్యుమెంటరీ వాళ్లు పెట్టిన మైకు పీకేస్తాడు. అద్దంలోంచి పెదాలు కదలడం కనిపిస్తుంది, మనకి ఒక్క మాటా వినబడదు. బయటికొచ్చి మైకు పెట్టుకుని, తను కాదన్నదని చెప్తాడు. మన దగ్గరైతే అక్కడ ఒక విషాద గీతం పడేది. షో రాసి తీసిన రికీ జెర్వేస్, స్టీఫెన్ మర్చంట్ దాన్ని అలా వదిలేసే ధైర్యం చేశారు. ఇది కూడా రెండు క్రిస్మస్ ఎపిసోడ్లతో కలిపి పద్నాలుగే.

ఆ ఆఫీసులో గారెత్‌గా విసిగించిన మెకెంజీ క్రుక్ తర్వాత తనే రాసి, తీసి, నటించింది 'డిటెక్టరిస్ట్స్'. 2014లో బీబీసీ ఫోర్‌లో వచ్చింది. ఇద్దరు మగాళ్లు ఎసెక్స్ పొలాల్లో మెటల్ డిటెక్టర్లు పట్టుకుని పాత బంగారం కోసం తిరుగుతుంటారు. దొరికేది కూల్‌డ్రింక్ డబ్బాల మూతల రింగులు, పాత బొత్తాలు. మధ్యాహ్నం చెట్టు కింద కూర్చుని డబ్బాలు విప్పి, రాత్రి టీవీలో వచ్చిన క్విజ్ గురించి మాట్లాడుకుంటారు. ఇంతే కథ. ఏమీ జరగదని మా ఆయన పదో నిమిషంలో ఫోన్ తీశారు, తర్వాత ఎప్పుడో పక్కన పెట్టేశారు. ఇక్కడ నిజంగానే బంగారం దొరికితే పద్నాలుగు రోజుల్లో అధికారులకి చెప్పాలని 1996 నాటి చట్టం ఉంది. వాళ్ల కంగారులో అది కూడా ఒక భాగం. నైట్ డ్యూటీ చేసొచ్చి నిద్ర పట్టని వాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే.

'యెస్ మినిస్టర్' నేను నవ్వింది తక్కువ, మా నాన్న నవ్వింది ఎక్కువ. ఆయన ఎమ్మార్వో ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఇక్కడికి వచ్చినప్పుడు ఏదో ఒకటి పెట్టాలని పెడితే, సబ్‌టైటిల్స్ ఆపి ఆపి చదువుకుంటూ చూశారు. 1980లో మొదలైన షో అది, అయినా ఆయనకి పాతబడలేదు. ఐదు వందల మంది సిబ్బంది ఉండి ఒక్క పేషెంటూ లేని ఆసుపత్రి ఎపిసోడ్ ఒకటుంది. మంత్రి దాన్ని తప్పు పడితే, పేషెంట్లు లేకపోయినా ఎంత పని ఉంటుందో ఆ శాఖ పెద్ద అధికారి సర్ హంఫ్రీ ముక్కున వేలేసుకునేలా వివరిస్తాడు. "ఈ హంఫ్రీ మా కలెక్టరేట్‌లో ఉండేవాడమ్మా, పేరే వేరు" అన్నారు నాన్న. 2001లో దీన్ని ఫరూఖ్ షేక్‌తో 'జీ మంత్రీజీ' అని హిందీలో తీశారు. తెలుగులో ఎవరూ ముట్టుకోకపోవడం మన దురదృష్టం, మనకి సరుకు తక్కువా?

మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఆర్నెల్లు ఉన్నప్పుడు ఇంట్లో మిస్టర్ బీన్ తప్ప ఇంకోటి నడవలేదు. మాటలు లేవు కాబట్టి ఆవిడకి నా అనువాదం అక్కర్లేదు. మా బాబుకీ అంతే. స్విమ్మింగ్‌పూల్‌లో పై బోర్డు ఎక్కి దూకలేక, దిగలేక వేలాడే సీను వచ్చిన ప్రతిసారీ ఆవిడ "ఒరే, దిగి చావరా" అని టీవీని కోప్పడేవారు. బీన్ వేషం వేసిన రోవన్ అట్కిన్సన్ చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, అదీ న్యూకాజిల్, ఆక్స్‌ఫర్డ్‌లలో అని చెబితే నమ్మలేదు. బీన్ కారు ఢీకొట్టే ఆ నీలం మూడు చక్రాల బండి, పెకమ్‌లో డెల్ నడిపే పసుపు వ్యాను, రెండూ రిలయంట్ రీగలే. ఈ దేశంలో ఆ బండి కనిపిస్తే నవ్వాలని ఏదో ఒప్పందం ఉన్నట్టుంది. టీవీలో వచ్చిన అరగంట ఎపిసోడ్లే చూడండి. సినిమాలుగా సాగదీసినవి రెండూ పిల్లలకి సరే, పెద్దవాళ్లకి అక్కర్లేదు. పిల్లల మాట వచ్చింది కాబట్టి, 1993 నాటి వాలెస్ అండ్ గ్రోమిట్ బొమ్మల సినిమా 'ది రాంగ్ ట్రౌజర్స్' కూడా చూపించండి. నెత్తిన ఎర్ర రబ్బరు గ్లవ్ పెట్టుకుని కోడినని నమ్మించే పెంగ్విన్ దొంగ అందులో ఉంది. దానికి మాటలేవు, మొహంలో కదలికా లేదు, అంత భయంకరమైన విలన్‌ని నేను ఈ మధ్య చూడలేదు.

మన రంగువాళ్లు తీసిన కామెడీలు ఎలా ఉంటాయని చాలామంది అడుగుతారు. 1998లో టీవీకి వచ్చిన 'గుడ్‌నెస్ గ్రేషస్ మీ' ఇప్పటికీ బాగుంటుంది. అందులో ఒక స్కిట్ ఉంది. ఇక్కడి తెల్లవాళ్లు తాగి ఇండియన్ రెస్టారెంట్‌కి పోయి ఎలా అల్లరి చేస్తారో, సరిగ్గా అలాగే ముంబైలో కుర్రకారు తాగి ఇంగ్లిష్ భోజనానికి పోతారు. మెనూలో అన్నిటికంటే చప్పగా ఉన్నది తెమ్మని సవాలు చేస్తారు, వెయిటర్ పేరు ఖూనీ చేస్తారు, ఇరవై నాలుగు ప్లేట్ల చిప్స్ ఆర్డరిస్తారు. కోపం లేకుండా అప్పు తీర్చేశారు. కాకపోతే ఇందులో ఉన్నది పంజాబీ, హిందీ లోకం. సంజీవ్ భాస్కర్, మీరా సయాల్ ఎంత నవ్వించినా, ఆవకాయ జాడీ సూట్‌కేసులో పగిలిన మనుషుల కథ ఎవరో ఒకరు ఇంకా రాయాల్సే ఉంది.

కూర ఆర్డర్ అంటే 'గ్యావిన్ అండ్ స్టేసీ' గుర్తొస్తుంది. ఎసెక్స్ అబ్బాయి, వేల్స్ అమ్మాయి, మధ్యలో రెండు వైపుల బంధువులు. కొత్త వియ్యాలవారి ముందు పిల్లాడి తల్లి ప్యామ్ తను శాకాహారినని అబద్ధం చెప్పి, చాటుగా మాంసం తినే భాగం మన పెళ్లిళ్లలో జరగదా? స్మిథీ అనే మిత్రుడు చికెన్ భునా, మటన్ భునా, రొయ్యల భునా, కీమా నాన్, తొమ్మిది అప్పడాలు అంటూ ఊపిరి పీల్చకుండా ఆర్డరిచ్చే సీను ఇక్కడి పిల్లలకి కంఠతా వచ్చు. 2024 క్రిస్మస్ రాత్రి వేసిన ఆఖరి ఎపిసోడ్‌ని ఆ ఒక్క రాత్రే కోటీ 23 లక్షల మంది చూశారు. మర్నాడు దాని సంగతి ఎత్తని మనిషి నాకు తగల్లేదు. నాకైతే సగం బాగుంది, సగం సాగింది.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన షో. 'వుడ్ ఐ లై టు యు' 2007 నుంచి వస్తోంది. ఒకరు తమ జీవితంలో జరిగిందని ఒక మాట చెప్తారు, అవతలి జట్టు ప్రశ్నలు వేసి నిజమో అబద్ధమో తేల్చాలి. అంతే ఆట. ఒక ఎపిసోడ్‌లో బాబ్ మార్టిమర్ అనే కమెడియన్ తన పళ్లకి తనే వైద్యం చేసుకుంటానన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. లీ మ్యాక్, డేవిడ్ మిచెల్ లాంటి వాళ్లు ఉన్న చోట అబద్ధం నిలబెట్టడం కష్టం. ఏ మందు వాడతావని అడిగితే ఆయన తాపీగా "ఫూజీ నైన్" అన్నాడు. నేను లేచి కూర్చున్నాను. అది మా ట్రాలీ మీద ఉండేదే. గ్లాస్ అయోనమర్ సిమెంట్, కలిపితే కొద్ది నిమిషాల్లో గట్టిపడుతుంది, తాత్కాలిక ఫిల్లింగులకి, పిల్లల పళ్లకి తరచూ వాడతాం. తెలియని వాడి నోట ఆ పేరు రాదు. మా ఆయనతో "ఇది నిజం" అని పందెం వేశాను, నిజమే అయింది. ఎన్‌హెచ్‌ఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్యం, డెంటిస్టు అపాయింట్‌మెంట్ దొరక్క జనం ఎలా అల్లాడుతున్నారో రోజూ ఫోన్లో వినే నాకు, ఆ నవ్వు వెనక ఉన్న సంగతి కొత్త కాదు. ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి, చేత్తో పెట్టిన సిమెంట్ కింద చీము పడితే తర్వాత పీకాల్సింది మేమే. షోకి మాత్రం పూర్తి మార్కులు. మార్టిమర్ వచ్చిన ఎపిసోడ్లు ఏరుకుని చూడండి చాలు.

సినిమాల సంగతి తొందరగా చెప్తాను. 'ఫోర్ వెడ్డింగ్స్ అండ్ ఎ ఫ్యునరల్' 1994లో ఎందుకు అంత ఆడిందో నాకు అర్థమే కాలేదు. డబ్బున్న వాళ్లు పెళ్లి నుంచి పెళ్లికి తిరుగుతుంటారు, ఎవరూ పనికి వెళ్తున్నట్టు కనిపించరు. అందులో హీరో హ్యూ గ్రాంటే 2017 నాటి 'ప్యాడింగ్టన్ 2'లో కుక్కల తిండి ప్రకటనల్లో నటించే స్థాయికి దిగజారిన పాత హీరోగా వేస్తే చప్పట్లు కొట్టాలనిపించింది. ఎలుగుబంటి పిల్ల జైలుకెళ్లి, లాండ్రీలో ఎర్ర సాక్సు వేసి ఖైదీల బట్టలన్నీ గులాబీ రంగు చేసే సినిమాకి పెద్దవాళ్లు ఏడవకూడదు. ఏడ్చాను.

1997 నాటి 'ది ఫుల్ మాంటీ' మగాళ్లు బట్టలు విప్పే సినిమా అని విని మా ఆయన పక్కన కూర్చోవడానికే మొహమాటపడ్డారు. తీరా అది ఉద్యోగాలు పోయిన వాళ్ల కథ. షెఫీల్డ్‌లో ఉక్కు ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఫోర్‌మన్ గెరాల్డ్ ఆర్నెల్లుగా భార్యకి చెప్పకుండా రోజూ పొద్దున్నే టై కట్టుకుని బయటికెళ్తాడు. డబ్బు కోసం స్టేజీ మీద బట్టలు విప్పుదామని వీళ్లంతా రహస్యంగా డాన్సు నేర్చుకుంటుంటారు. ఒకరోజు నిరుద్యోగ భృతి క్యూలో నిలబడి ఉండగా రేడియోలో వాళ్ల ప్రాక్టీసు పాట వస్తుంది. ఎవరూ ఎవరినీ చూసుకోరు. ఒకరి భుజం కదులుతుంది, ఇంకొకరి నడుం, గెరాల్డ్ మడమ. క్యూ అలాగే ముందుకు జరుగుతుంటుంది. ఉద్యోగం పోవడం గురించి నేను చూసిన సినిమాల్లో ఇదే మొదటిది. యాస గట్టిది, సబ్‌టైటిల్స్ తప్పవు. అత్తమామలతో కూర్చుని చూసేది కాదు.

ఓం పురి కోసం 'ఈస్ట్ ఈజ్ ఈస్ట్' పెట్టాను. 1971, సాల్ఫర్డ్, చేపల వేపుడు కొట్టు నడిపే పాకిస్తానీ తండ్రి, ఇంగ్లిష్ భార్య, ఇంటినిండా పిల్లలు. మొదటి గంట బాగా నవ్వుకున్నాం. తర్వాత ఆయన భార్య మీద చెయ్యి చేసుకుంటాడు. అక్కడినుంచి మళ్లీ మనస్ఫూర్తిగా నవ్వలేదు, సినిమా కూడా నవ్వమని అడగలేదు. అది సినిమా నిజాయితీ. కామెడీ అని మాత్రం ఎవరికీ చెప్పను.

ఎక్కనివీ ఉన్నాయి. మాంటీ పైథాన్ స్కిట్లు సగం నాకు అర్థం కావు, అర్థమైనవాటిలో సగం అంత గొప్పగా అనిపించవు. ఈ మాట అన్నందుకు మా డెంటిస్టు ఒక పూటంతా అలిగాడు. 'మిసెస్ బ్రౌన్స్ బాయ్స్' మా రిసెప్షన్ పెద్దావిడకి ప్రాణం. మగాడు చీర, అదే గౌను, కట్టుకుని బూతు జోకులు వేయడం మన టీవీ స్కిట్లలో చాలినంత చూశాం, దానికి లైసెన్స్ కట్టక్కర్లేదు.

ఐప్లేయర్ యాప్ సంగతికొస్తే, ప్రకటనలు లేవు, అది పెద్ద సుఖం. సబ్‌టైటిల్స్ దాదాపు అన్నిటికీ ఉన్నాయి. కానీ బ్రిటన్ దాటితే స్ట్రీమింగ్ పనిచేయదు, సెలవులకి ఇంటికెళ్లినప్పుడు నాన్నకి హంఫ్రీని అప్పటికప్పుడు పెట్టి చూపించే వీలుండదు. పైగా ఈ షోలన్నీ ఎప్పుడూ ఒకేచోట ఉండవు, కొన్ని వస్తాయి, కొన్ని పోతాయి. ముందు వెతికి చూసుకుని తర్వాతే ఇంట్లో వాళ్లకి మాట ఇవ్వండి.

అమెరికా వాళ్ల 'ఆఫీస్' దీనికంటే బాగుంటుంది కదా అని మెసేజ్ పెట్టే వాళ్లు ఎలాగూ ఉంటారు. బాగుంటుందనే విన్నాను. అది రెండు వందలకి పైగా ఎపిసోడ్లట. నాకు పరీక్షలున్నాయండీ.